దాత కారు

వైద్యంలో ‘దాత’ అన్న మాట చుట్టూ కట్టుబాట్లు చాలా ఉన్నాయి. మరణం నిర్ధారణ కావాలి. దానిని నిర్ధారించే వైద్యులు వేరు, అవయవాన్ని అమర్చే వైద్యులు వేరు కావాలి. సమ్మతి ఉండాలి. అన్నిటికీ మించి, అవయవం తీయడమే మరణానికి కారణం కాకూడదు. ఈ చివరి నియమం లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా లేనట్టే. ఇదే మాట పాత కార్ల వ్యాపారంలో కూడా వినిపిస్తుంది. బాగా ధర పలికే కారుకు నకలు తయారుచేయడం కోసం, అంత ధర పలకని మరో కారును కోసి, దాని ఛాసిస్‌నూ ఇంజనునూ వాడుకుంటారు. అలా కోతకు వెళ్ళిన కారును ‘డోనర్ కార్’ అంటారు. అది ఊపిరితో ఉన్నదా లేదా అని అడిగే ఆచారం అక్కడ లేదు.

ఇటలీలో పుట్టిన గ్రాండ్ టూరింగ్ కార్ల వేలం ధరలు నేడు పత్రికల్లో చిత్రకళాఖండాల ధరల సరసన అచ్చవుతున్నాయి. ఆ అంకెల వెనుక దాతలుగా మారి మాయమైన కార్ల చరిత్ర ఒకటుంది. దానిని తలచేవారు తక్కువ. ఆ చరిత్రలో ముఖ్యపాత్ర ఫెరారీ 250 జి.టి.ఇ.ది.

ముందు పేరు సంగతి. ‘గ్రాన్ తురిస్మో’ అంటే దూరయాత్ర, మహాయాత్ర అని చెప్పుకోవచ్చు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇంగ్లండు సంపన్న కుటుంబాల యువకులు చదువు ముగించే దశలో ఫ్రాన్సు, ఇటలీలు చుట్టి రావడాన్ని ‘గ్రాండ్ టూర్’ అనేవారు. ఆ మాటే తరువాత ఇటలీ కార్లకు బిరుదయింది. యుద్ధం ముగిశాక 1951లో లాంచియా సంస్థ తెచ్చిన ఔరేలియా బి20 ఈ జాతికి తొలి నమూనా అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. రెండు లీటర్ల చిన్న ఇంజను, పైన కప్పు, లోపల సౌకర్యంగా కూర్చునే చోటు. అదే కారు ఆ సంవత్సరం మిల్లె మిలియా పందెంలో పాల్గొని, రెట్టింపు ఇంజనున్న ఫెరారీ వెనుక రెండో స్థానంలో నిలిచింది. బ్రెషా నుంచి రోమ్ దాకా వెళ్ళి తిరిగి బ్రెషా చేరే వెయ్యి మైళ్ళ పందెం అది, మామూలు రోడ్ల మీదే జరిగేది. పందెంలో పరుగెత్తగలగాలి, మరుసటి రోజు భార్యాభర్తలు పెట్టె బేడాతో అదే కారులో సముద్రతీరానికి పోగలగాలి. గ్రాన్ తురిస్మోకు ఇంతకంటే మంచి నిర్వచనం అక్కర్లేదు.

ఈ నిర్వచనంలో రెండో సగానికి 250 జి.టి.ఇ. నిలువెత్తు రూపం. 1960లో వచ్చింది. చెప్పుకోదగ్గ సంఖ్యలో తయారైన ఫెరారీలలో నలుగురు కూర్చోగలిగిన మొదటి కారు ఇదే. రూపం పినిన్ఫరీనాది. ఇంజను మూడు లీటర్ల వి12, జోయాకినో కొలంబో రూపొందించిన వంశానికి చెందినది. వెనుక సీట్లకు చోటు కోసం ఛాసిస్ పొడవు పెంచకుండా ఇంజనునే ముందుకు జరిపారు. బాడీ గీతల్లో ఆర్భాటం లేదు. పిల్లల్ని వెనుక కూర్చోబెట్టుకుని ఆల్ప్స్ కనుమలు దాటి, రాత్రి భోజనం వేళకు మరో దేశంలో దిగాలనుకునే మిల్లు యజమానికో, శస్త్రచికిత్సకుడికో తగిన కారు. 1963 వరకు సుమారు 950 తయారయ్యాయి. ఆనాటి ఫెరారీకి అది పెద్ద సంఖ్య. పందెపు కార్ల ఖర్చును ఇలాంటి కార్ల అమ్మకాలే మోశాయి. ఎన్జో ఫెరారీకి రోడ్డు కార్లు కొనేవారి మీద పెద్ద ప్రేమ లేదన్నది ఆయన జీవితచరిత్రకారులు, ముఖ్యంగా 1991లో పదునైన పుస్తకం రాసిన బ్రాక్ యేట్స్, దాచని సంగతి. వారి డబ్బు లేకుండా మాత్రం ఆయన పందేలు నడిచేవి కావు.

1960లలో రోమ్ పోలీసులు నేరస్థులను వెంటాడడానికి నల్లరంగు 250 జి.టి.ఇ. ఒకటి వాడారు. దానిని నడిపిన ఆర్మాండో స్పతాఫోరా ఆ నగరంలో జానపద కథానాయకుడయ్యాడు. స్పానిష్ మెట్ల మీదుగా దొంగల కారును తరిమాడని ఒక కథ. అందులో నిజమెంతో గాని ఆ కారు నేటికీ క్షేమంగా ఉంది. కథ ఉన్న కారు కాబట్టి బతికింది. కథలేని దాని తోబుట్టువులు అనేకం బతకలేదు.

ఎందుకు బతకలేదో తెలియాలంటే 1962లో వచ్చిన మరో కారు దగ్గరికి పోవాలి. 250 జి.టి.ఓ.లో ‘ఓ’ అంటే ‘ఓమొలొగాతో’, అంటే క్రీడా సంస్థ ఆమోదముద్ర పొందినదని. గ్రాండ్ టూరింగ్ తరగతిలో పోటీ పడాలంటే ఒక రకం కార్లు కనీసం వంద తయారుచేయాలని అంతర్జాతీయ మోటారు సంఘం నియమం. ఫెరారీ తయారుచేసినవి 1962 నుంచి 1964 దాకా 36. ఇది కొత్త కారు కాదు, పాత 250 జి.టి.కే చిన్న మార్పు అని వాదించి ఆమోదం పొందారు. ఇదే యుక్తిని తరువాత 250 ఎల్.ఎం. విషయంలో ప్రయోగిస్తే సంఘం ఒప్పుకోలేదు. జి.టి.ఓ. లోపల పెట్టె పెట్టుకునే చోటు పేరుకే, వేడి, చప్పుడు భరించాలి, అలంకరణ శూన్యం. అది పందెపు కారు. ‘మహాయాత్ర’ అన్న బిరుదు దానికి నియమావళిలో దొరికిన సందు మాత్రమే. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ‘గ్రాండ్ టూరింగ్’ కారు నిజానికి యాత్రకు పనికిరానిది!

అయితే అందం సంగతి వేరు. మోడెనాలో సెర్జియో స్కాలియెత్తి కార్ఖానాలో పనివాళ్ళు అల్యూమినియం రేకును ఇసుక సంచుల మీద సుత్తితో కొట్టి ఆ బాడీని మలిచారు. ఏ రెండు కార్లూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఒకదాని ముక్కు కాస్త పొడవు, ఒకదాని తుంటి కాస్త బరువు. పక్క నుంచి చూస్తే ఎక్కడా గీత ఆగదు. దీని సౌందర్యాన్ని కాదనడం మూర్ఖత్వం. ధరే విడ్డూరం.

కొత్తదిగా అమెరికాలో దాని ధర 18,000 డాలర్లు. పందేల్లో పాతబడ్డాక చాలా కాలం అది పాత పందెపు కారే. ఎవరూ గుడి కట్టలేదు. పింక్ ఫ్లాయిడ్ బృందంలో డ్రమ్స్ వాయించే నిక్ మేసన్ 1970ల చివరలో 40,000 పౌండ్ల లోపే పెట్టి ఒకటి కొన్నాడు. అప్పట్లో అదే ఎక్కువనిపించింది. 1988 ఆగస్టులో ఎన్జో ఫెరారీ చనిపోయాడు. అప్పటికే పైకి లేస్తున్న ధరలు ఆ తరువాత ఆకాశానికి ఎగిరాయి. జపాను ఆస్తుల బుడగ పగలగానే, 1990ల మొదట్లో అంతే వేగంగా కూలాయి. అప్పుచేసి కొన్నవారు మునిగిపోయారు. తరువాత మళ్ళీ నెమ్మదిగా ఎక్కడం మొదలైంది. 2008 సంక్షోభం తరువాత వడ్డీ రేట్లు పడిపోయినప్పుడు, డబ్బు దాచుకునే చోటు వెతికే సంపన్నులు కొందరు పాత రేకు వైపు చూశారు. 2014లో కాలిఫోర్నియా వేలంలో ఒక జి.టి.ఓ. 3 కోట్ల 81 లక్షల డాలర్లకు పోయింది. 2018లో అక్కడే మరొకటి 4 కోట్ల 84 లక్షలకు. 2023 నవంబరులో న్యూయార్కులో, మొదట్లో నాలుగు లీటర్ల ఇంజనుతో పరుగెత్తిన మరో జి.టి.ఓ. 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది.

ఈ వేలాల కేటలాగులను ఒక సాహిత్య ప్రక్రియగా చదవవలసిన అవసరం ఉంది. అవి మన స్థలపురాణాల వంటివి. మొదట ఆవిర్భావం: ఏ సంవత్సరం, ఏ నంబరు, తొలి యజమాని ఎవరు. తరువాత లీలలు: ఏ పందెంలో ఎన్నో స్థానం, ఎవరు నడిపారు. అటుపైన అజ్ఞాతవాసం: ఫలానా ఊరిలో ముప్పై ఏళ్ళు కొట్టంలో. చివర ఉద్ధరణ: ఏ నిపుణుడు ఎన్ని గంటలు శ్రమించి పూర్వరూపం తెచ్చాడు. ఫలశ్రుతి మాత్రం వేలం పాటలో వినిపిస్తుంది. వాక్యాలు పొడవుగా, నునుపుగా ఉంటాయి. ‘ఉత్తమమైన వాటిలో ఒకటి’ అనని కేటలాగు అరుదు. నిజమైన సమాచారం ‘మ్యాచింగ్ నంబర్స్’ అన్న రెండు మాటల దగ్గర దొరుకుతుంది. అంటే ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సుల మీద చెక్కిన నంబర్లు కర్మాగారపు దస్త్రాలతో సరిపోలాయని. ఆ మాట లేకపోతే ఎందుకు లేదో వెతుక్కోవాలి.

ఈ పురాణశైలి ఎంత శక్తిమంతమో 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో తేలింది. పశ్చిమ ఫ్రాన్సులో రోజే బయ్యోఁ అనే రవాణా వ్యాపారి పోగుచేసిన సుమారు 60 కార్లు దశాబ్దాల పాటు కొట్టాల్లో, రేకుల పందిళ్ళ కింద పడి ఉన్నాయి. వాటిలో ఒకటి 1961 నాటి 250 జి.టి. కాలిఫోర్నియా స్పైడర్, ఒకప్పుడు నటుడు అలాఁ దెలోఁది. దాని మీద పాత పత్రికల కట్టలు పేరుకుని ఉన్నాయి. వేలం నిర్వాహకులు దుమ్ము తుడవకుండానే ప్రదర్శనకు పెట్టారు. ఆ దుమ్ముతో సహా 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. తాళపత్రం మీది పురుగు రంధ్రాలను చూసి మురిసిపోయేవారికి ఈ మోజు కొత్తగా అనిపించదు. రంధ్రం ప్రాచీనతకు సాక్ష్యం కావచ్చు, అక్షరం పోయిన చోటు కూడా అదే.

ధరను నిర్ణయించే శక్తుల్లో మరొకటి ప్రవేశార్హత. 1957లో జరిగిన ఘోర ప్రమాదంలో ఐదుగురు పిల్లలతో సహా తొమ్మిదిమంది ప్రేక్షకులు, కారులోని ఇద్దరు మరణించిన తరువాత అసలు మిల్లె మిలియా పందెం ఆగిపోయింది. ఇప్పుడు అదే పేరుతో జరిగే స్మారక యాత్రలో 1927 నుంచి 1957 దాకా ఆ పందెంలో పాల్గొన్న రకాల కార్లకే చోటు. ఆ జాబితాలో పేరున్న కారుకు ఒక ధర, లేని దానికి మరొకటి. 1960లో పుట్టిన జి.టి.ఇ.కి ఆ తలుపు కూడా మూసే ఉంది.

ఇక కోత సంగతి. 1970లు, 80లలో జి.టి.ఇ. అంటే చవకైన పాత ఫెరారీ. ఉక్కు బాడీ తుప్పు పట్టేది. వి12 ఇంజను పూర్తిగా విప్పి బాగుచేయించాలంటే ఆ ఖర్చు కారు ధరను మించిపోయేది. ఎందుకంటే విడిభాగాల ధర, పనివాడి కూలి కారు హోదాను చూసి తగ్గవు. జి.టి.ఓ. ఇంజనుకూ జి.టి.ఇ. ఇంజనుకూ బాగుచేసే శ్రమ దాదాపు ఒకటే. ఒకదాని యజమానికి ఆ ఖర్చు పెట్టుబడి, రెండోదాని యజమానికి నష్టం. దానికి తోడు, లోపలి యంత్రమంతా జి.టి.ఓ. రక్తసంబంధమే. జి.టి.ఇ. చక్రాల నడుమ దూరం 2,600 మిల్లీమీటర్లు, జి.టి.ఓ.ది 2,400. చట్రంలో 20 సెంటీమీటర్లు కోసి, మళ్ళీ అతికి, పినిన్ఫరీనా ఉక్కు బాడీని పారేసి, అల్యూమినియంతో కొత్త బాడీ కొట్టిస్తే ‘నిజమైన ఫెరారీ ఇంజనుతో’ జి.టి.ఓ. నకలు సిద్ధం. కొన్ని జి.టి.ఓ. రూపం దాల్చాయి, కొన్ని టెస్టా రోసా, కొన్ని కాలిఫోర్నియా స్పైడర్. ఇంజను ఒక్కటే తీసుకుని మిగిలినది తుక్కుకు వేసిన సందర్భాలూ ఉన్నాయి. జపాను డాట్సన్ 240 జెడ్ మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసి జి.టి.ఓ. వేషం కట్టినవారు అంతకంటే చవకగా సరదా తీర్చుకున్నారు. వేషం కట్టిన డాట్సన్‌ను చూసి నవ్వుకోవచ్చు. కోసిన జి.టి.ఇ.ని చూసి నవ్వడం కష్టం.

36 తయారైన పందెపు కారుకు ఒక్కటి కూడా లోటు రాకుండా ప్రపంచం కాపాడుకుంది. 950 తయారైన యాత్రా కారును దాని బొమ్మలు చేసుకోవడానికి ముడిసరుకుగా వాడుకుంది. పూర్వం ఐరోపాలో తోలుపత్రాల కొరత వచ్చినప్పుడు పాత రాతను గీకివేసి పైన ప్రార్థనలు రాసుకునేవారు. ఆర్కిమిడీస్ గణితగ్రంథం ఒకటి పదమూడో శతాబ్దంలో అలాగే గీకబడి ప్రార్థనపుస్తకమైంది. గీకినవాడు దుర్మార్గుడు కాడు. అతని కాలానికి ఏ రాత విలువైనదో ఆ రాత రాసుకున్నాడు. కారును కోసినవారిదీ అదే తీరు. తేడా ఒకటే: సన్యాసి ప్రార్థనలు రాశాడు, వీరు మరొకరి పద్యాన్ని నకలు రాశారు.

కారు గుర్తింపు ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న కోర్టులకూ ఎక్కింది. ఇటలీది కాకపోయినా, ప్రసిద్ధమైన ఉదాహరణ 1990లో ఇంగ్లండు హైకోర్టు విన్న బెంట్లీ కేసు. 1929, 1930లలో లె మాన్ పందెం గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ను కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్న సంస్థ వెనక్కి తగ్గింది. కారులో ఆనాటి భాగాలు మిగలలేదు కాబట్టి ఇది ఆ కారు కాదని వాదించింది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. భాగాలు ఒక్కొక్కటే మారుతూ వచ్చినా చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఇది అదే కారు అన్నాడు. వైద్యుడికి ఈ తీర్పు ఆశ్చర్యం కలిగించదు. గుండె కవాటం మారి, మోకాలిచిప్ప మారి, మరొకరి మూత్రపిండంతో తిరుగుతున్న మనిషి ఆ మనిషే. కేస్ షీట్ మీద పేరు మారదు. జి.టి.ఇ. విషయంలో ఇది తలకిందులయింది. గుండె అదే, వెన్నెముక అదే, కాకపోతే కాస్త కురచ చేసింది. పోయినది పేరు. ప్రసిద్ధుడికి ఏ భాగమూ మిగలకపోయినా పేరు మిగిలింది, అనామకుడికి అన్నీ మిగిలినా పేరు పోయింది.

2019లో బొలోన్యా న్యాయస్థానం 250 జి.టి.ఓ. రూపాన్ని కళాకృతిగా గుర్తించి, అనుమతి లేకుండా నకళ్ళు తయారుచేయడాన్ని నిషేధించింది. మోడెనాలోనే ఒక సంస్థ నకళ్ళు చేయబోతే ఫెరారీ వేసిన కేసు అది. సుత్తి పట్టిన స్కాలియెత్తి పనివాళ్ళకు ఆలస్యంగానైనా దక్కిన గౌరవమని దీనికి సంతోషించవచ్చు. కానీ పినిన్ఫరీనా గీసిన జి.టి.ఇ. రూపం ఎవరి కళాకృతి? దానిని చింపినప్పుడు ఏ న్యాయస్థానమూ పలకలేదు. కళాకృతిని కాపీ కొట్టడం నేరం, యజమాని తన సొంత కళాకృతిని ముక్కలు చేసుకోవడం నేరం కాదు. చట్టం అంతవరకే చూస్తుంది.

మార్కెట్టును సమర్థించేవారి వాదన ఒకటుంది, దానిని తోసిపుచ్చడం నిజాయితీ కాదు. ఈ కోతను ఆపినది కూడా ధరే. నేడు మంచి స్థితిలో ఉన్న జి.టి.ఇ. కొన్ని లక్షల డాలర్లు పలుకుతున్నది కాబట్టి దానిని కోసే సాహసం ఎవరూ చేయరు. తుప్పు తీయించడానికి, ఇంజను విప్పించడానికి అయ్యే ఖర్చు ఇప్పుడు గిట్టుబాటు. ధరలు పెరగకపోతే మోడెనా, టూరిన్ పరిసరాల్లో రేకు కొట్టే విద్య, కార్బొరేటరు సవరించే చెవి ఏనాడో అంతరించేవి. ఇదంతా నిజమే. అయితే ధర కాపాడుతున్నది ధర ఉన్నంతవరకే. 1990ల మొదట్లో ఒకసారి కూలినది మళ్ళీ కూలదన్న హామీ లేదు. పాత యజమానుల తరం దాటిపోతున్నది. వారి పిల్లలకు తమ బాల్యంలో గోడకు అంటించుకున్న బొమ్మల్లోని కార్ల మీద మోజు. ఔరేలియా గాని, మసెరాటి 3500 జి.టి. గాని, జి.టి.ఇ. గాని వారి గోడల మీద లేవు.

అందుకే ఈ విషయంలో పుస్తకాలకు పని ఉంది. ఫెరారీ మీద వచ్చిన గ్రంథాల్లో అధికభాగం పందేల చరిత్రలే. మైకేల్ మాన్ సినిమాకు ఆధారమైన యేట్స్ పుస్తకంలో కూడా ఊపిరి పందెంలోనే ఉంది. దీనికి భిన్నమైన దారి నిక్ మేసన్, మార్క్ హేల్స్‌తో కలిసి 1998లో తెచ్చిన ‘ఇంటు ది రెడ్’ చూపింది. తన కార్లను ఒక్కొక్కటిగా నడిపి, అవి చేతికి, కాలికి, చెవికి ఎలా తగులుతాయో రాయడం ఆ పుస్తకపు పద్ధతి. ఇంజన్ల ధ్వనులతో ఒక సి.డి. కూడా జతచేశారు. కేటలాగు చెప్పలేనిది ఆ ధ్వనిలో ఉంది. అదే శ్రద్ధతో ఒక జి.టి.ఇ.ని, లోపల నలుగురు మనుషులతో, పెట్టెలతో, మంచు పడే కనుమ మీద నడిపి రాసిన పుస్తకం ఒకటి రావాలి.

ఇప్పుడు మిగిలిన చిక్కుముడి ఆ నకళ్ళదే. 1980లలో పుట్టిన నకలు నేటికి నలభై ఏళ్ళది. దాని అల్యూమినియం బాడీని కొట్టిన చేతులు కొన్ని ఇప్పుడు లేవు. దానికీ ఒక యజమాని, ఒక కుటుంబం, ఎండాకాలపు ప్రయాణాలు ఉన్నాయి. దానిని విప్పి, కొత్త ఉక్కు రేకుతో మళ్ళీ జి.టి.ఇ. చేయడం రెండో కోత. రోగి పేరు తిరిగి తెచ్చుకోవడానికి మరోసారి బల్ల మీద పడుకోబెట్టడమే. ఆ పని చేయకపోవడం మేలు. చట్రం మీద చెక్కిన నంబరు మాత్రం చాలా నకళ్ళలో ఇప్పటికీ ఉంది. అమ్మేటప్పుడు ఇచ్చే కాగితాల్లో, ప్రదర్శనలో కారు ముందు నిలబెట్టే పలకమీద, ‘250 జి.టి.ఓ. నకలు’ అన్న మాట కింద రెండో వరుస ఒకటి రాయవచ్చు: ఈ నంబరు గల 250 జి.టి.ఇ., ఫలానా సంవత్సరంలో తయారైనది, ఫలానా సంవత్సరంలో కోసినది.